ఒక్క ప్రశ్న మూట కట్టుకుని

అన్నవరం ప్రసాదం తినడం అందరికీ వచ్చు. తిన్నాక చేతిలో మిగిలే ఆకు ఏ మొక్కదో చెప్పమంటేనే నోరు పెగలదు. నాకూ పెగల్లేదు. మా మేనకోడలికి అప్పుడు ఎనిమిదేళ్లు. అన్నవరం కొండ రత్నగిరి మెట్ల మీద కూర్చుని, గోధుమరవ్వ ప్రసాదం ఆఖరి పలుకు దాకా నాకేసి, నెయ్యంటిన ఆ ఎండాకును ఎండకు ఎత్తి చూస్తూ అడిగింది.

"మావయ్యా, ఇది ఏ చెట్టు ఆకు?"

"అడ్డాకు."

"అడ్డ చెట్టు ఎలా ఉంటుంది?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ పొట్లాలు విప్పుతూనే ఉన్నాను. ఆ మొక్కను ఒక్కసారీ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. పక్కన పూలూ కొబ్బరికాయలూ అమ్ముకునే ముసలామె మా మాటలు విని నవ్వింది. "చెట్టు కాదు బాబూ, తీగండి అది. ఏజెన్సీలో పెద్దపెద్ద చెట్లని చుట్టేసుకుని పైకి పాకేత్తదండి. మా అప్ప ఆకు కోతకెళ్లేది."

ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. అడ్డతీగ మన పెరట్లో దేవకాంచనానికి దగ్గర చుట్టం. రెండింటి ఆకూ నడిమికి చీలి, గిట్ట గుర్తులా రెండు రెక్కలుగా ఉంటుంది. ఈ జాతికి ఉన్న బౌహీనియా అనే పేరు వెనక ఇద్దరు అన్నదమ్ములున్నారు, జోహాన్ బావిన్, కాస్పర్ బావిన్. ఇద్దరూ వృక్షశాస్త్రవేత్తలే. ఒకే కాడకు రెండు రెక్కలున్న ఆకుని ఆ అన్నదమ్ములకు గుర్తుగా చూపాడు లిన్నేయస్ అనే శాస్త్రవేత్త. మర్నాడు మా మేనకోడలికి ఈ సంగతి చెబితే, పొట్లం ఆకుని మధ్యకు మడిచి "ఇది అన్న, ఇది తమ్ముడు" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో అడ్డాకు పేరు అన్నదమ్ములాకు.

ప్రకృతి చరిత్ర మ్యూజియం చూడటానికి ఎలా తయారవ్వాలో చెప్పాల్సిన అధ్యాయంలో ప్రసాదం గొడవేమిటి అనుకుంటున్నారేమో. తయారీ అంతా అక్కడే ఉంది. చాలామంది మొదట టికెట్టు ధర చూస్తారు, తర్వాత లాడ్జీ, ఆ తర్వాత దగ్గర్లో ఇంకేం చూడొచ్చో. ప్రశ్న మాత్రం ఇంట్లోనే మర్చిపోయి రైలెక్కుతారు. నేనూ అలాగే ఎక్కేవాణ్ణి.

మా మేనకోడలు పుట్టకముందు ఒక వేసవిలో, ఏడుగురం కలిసి ఒక మహానగరంలో పేరున్న మ్యూజియానికి వెళ్లాం. పేరు చెప్పను, తప్పు దానిది కాదు. మూడంతస్తులు, నాలుగు గంటలు. పులి, పులి పక్కన కణుజు, కణుజు పక్కన గాజు పెట్టెలో మూడొందల సీతాకోకచిలుకలు, ఆపైన రాళ్లు, రాళ్ల తర్వాత మళ్లీ రాళ్లు. రెండో అంతస్తుకి వచ్చేసరికి మా బావ బోర్డులు చదవడం మానేశాడు. మూడో అంతస్తులో నేనూ మానేశాను. తిరుగు రైల్లో ఎవరికేం నచ్చిందో చెప్పమని అందర్నీ అడిగాను. లోపల చల్లగా ఉందర్రా అంది మా అమ్మ. సమోసా బాగుందన్నాడు మా బావ. పిల్లలకి లిఫ్టు నచ్చింది. ఇక నా వంతు వచ్చింది. ఆలోచించాను, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

దీనికి కారణం నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు. మాది యాత్రికుల ఊరు. సింహాచలంలో తెల్లారి, అన్నవరంలో మధ్యాహ్నమై, పిఠాపురం మీదుగా ద్రాక్షారామంలో పొద్దుగుంకే బస్సులు రోజూ చూస్తాం. "ఇంత దూరం వచ్చాం కదా, అది కూడా చూసేద్దాం" అన్నది మా ఊరి గాలిలోనే ఉంది. గుడికి ఆ లెక్క సరిపోతుంది. రెప్పపాటు దర్శనమైనా చాలు, ఎందుకంటే అక్కడ మనల్ని చూసేవాడొకడున్నాడని నమ్మకం. గాజు పెట్టెలో ఎముక మనల్ని చూడదు. దాన్ని మనమే చూడాలి, అదీ తీరిగ్గా.

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఒకటే. మ్యూజియానికి ఒక్క ప్రశ్న తీసుకెళ్లాలి, అది మన గుమ్మం ముందు దొరికిందై ఉండాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

మీది ఏ ఊరైనా దొరుకుతుంది. మా ఊరిదైతే నేను చెప్పగలను. రత్నగిరి పేరే తీసుకోండి. మేరు పర్వతానికి భద్రుడు, రత్నాకరుడు అని ఇద్దరు కొడుకులనీ, భద్రుడు భద్రాచలమైతే రత్నాకరుడు రత్నగిరి అయ్యాడనీ స్థలపురాణం. మరి కొండలో రత్నాలున్నాయా అని ప్రతి పిల్లవాడూ ఏదో ఒక వయసులో అడుగుతాడు. పెద్దవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. నవ్వకండి. మన తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే ఒక రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు, ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద. అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం పలుకులుగా ఉంటుంది. నగల్లో పొదిగేంత మేలిరకం సంగతి పక్కన పెట్టండి, గార్నెట్ అంటే మనవాళ్లు గోమేధికమనో మరొకటనో పేరుపెట్టుకునే ఆ కుటుంబపు రాయే. కొండ పేరు పెట్టినవాళ్లు ఆ ఎర్ర పలుకులు చూసి పెట్టారని నేననను. కానీ "మ్యూజియంలో ఖోండలైట్ ముక్క ఉంటే అందులో ఎర్ర పలుకులు వెతుకు, తర్వాత మన కొండవాలు మీద రాయితో పోల్చు" అంటే పదేళ్ల పిల్లకు అది నెల రోజుల పని.

రాళ్ల మీద మనసు పోకపోతే పాములున్నాయి. కట్లపాము జాతికి శాస్త్రం పెట్టిన పేరు బుంగారస్. అందులో మన బంగారం ఉంది. 1780లలో ఈస్టిండియా కంపెనీ పనిమీద విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఇక్కడి పాముల్ని సేకరించి, జనం పిలిచే తెలుగు పేర్లే రాసుకుని, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చేయించాడు. పసుపూ నలుపూ పట్టీలున్న కట్లపాముకి ఆయన విన్న పేరులోని బంగారమే తర్వాత ఆ జాతి మొత్తానికి పేరయ్యింది. ఆయన పేరు మాత్రం రక్తపింజరకి అతుక్కుంది, దాన్ని ఇంగ్లీషులో రసెల్ గారి పామనే అంటారు. 1803లో విశాఖపట్నం చేపల మీద ఆయన పుస్తకం వచ్చింది, రెండువందల చేపల బొమ్మలతో. తీరంలో ఇవాళ్టికీ బెస్తవాళ్లు పార అని పిలిచే చేపల్లో ఒకదాని శాస్త్రనామంలో మూకలీ అనీ, మరొకదాని పేరులో తోల్ అనీ ఉంటుంది. రెండూ ఆయన ఇక్కడ చెవితో విని రాసుకున్న మాటలే. ఈసారి ఏ మ్యూజియంలోనైనా సీసాలో చేప కనబడితే పక్కన రాసిన లాటిన్ పేరుని పెద్దగా, తెలుగు చదివినట్టు చదవండి. ఒక్కోసారి మన రేవు గొంతు వినిపిస్తుంది.

మొక్కల దగ్గరికొస్తే ఇంకా దగ్గర. అన్నవరంలో ప్యాసింజరెక్కితే గంటలోపు సామర్లకోట. అక్కడ 1781 నుంచి పన్నెండేళ్ల పాటు విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు ఒక వృక్షోద్యానం నడిపాడు. మిరియాలు, కాఫీ, దాల్చిన లాంటివి మన నేలలో పండుతాయేమో పరీక్షించాడు. స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని మన పొలంగట్ల మొక్కల్ని ఆకూ పువ్వూ కాయా విడివిడిగా గీయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్లిపోయాడు. ఆ బొమ్మల్లోంచి మూడువందలు ఏరి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో వేశారు. ప్రతి మొక్క కిందా తెలుగు పేరు తెలిస్తే అదీ ఉంటుంది. సోమిద చెట్టు బెరడు జ్వరానికి మందని ఆయన రాశాడు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్త ఆ చెట్టు జాతికి ఏకంగా సోయ్‌మిడా అనే పేరు పెట్టాడు. సామర్లకోటలో రైలు మారేటప్పుడు ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తింటూ ఈ సంగతి పిల్లలకి చెప్పండి. మ్యూజియం మొదటి గది అదే.

ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోను చూసి జవాబు చెప్పగలిగితే అది ప్రయాణానికి తగ్గ ప్రశ్న కాదు. "డైనోసార్ ఎంత పొడవు?" అన్నదానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. "అక్కడ నిలబెట్టిన ఎముకల్లో నిజమైనవి ఏవి, పోతపోసినవి ఏవి?" అంటే మాత్రం ఎదురుగా నిలబడి, వంగి, రంగు తేడా చూస్తే తప్ప తెలియదు.

ఏ మ్యూజియం?

కేంద్ర పర్యావరణ శాఖ కింద ఢిల్లీలో జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 1978లో మొదలైంది. దానికి ప్రాంతీయ శాఖలు మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయ్ మాధోపూర్‌లలో వచ్చాయి. తెలుగు నేల మీద ఒక్కటీ రాలేదు. మాకు దగ్గరది 2004లో తెరిచిన భువనేశ్వర్‌ది. హౌరా వైపు పోయే రైలెక్కితే చాలు, తూర్పు తీరం అడవులూ సముద్రమూ అక్కడ కనబడతాయి. తిమింగలం అస్థిపంజరం చూడాలనుకునే పిల్లలుంటే భువనేశ్వర్ వెళ్లండి. ఢిల్లీది "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకున్నవాళ్లలో నేనొకణ్ణి. 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున మంటలు లేచి అన్ని అంతస్తులూ కాలిపోయాయి. రెండేళ్లకు బ్రెజిల్‌లో రియో డి జనీరో జాతీయ మ్యూజియానికీ అదే గతి పట్టింది. వాయిదా వేసేటప్పుడు ఈ రెండూ గుర్తు తెచ్చుకుంటాను.

అయితే గోదావరి వాళ్లకు నేను మొదట చెప్పేది హైదరాబాద్. బిర్లామందిరం పక్కనే, నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ల విభాగం ఒకటుంది. నిజానికి అది సైన్స్ మ్యూజియం, పూర్తి ప్రకృతి చరిత్ర మ్యూజియం కాదు. కానీ అక్కడ నిలబెట్టిన జంతువు మన నది లోయది. దాని పూర్తి పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. దీన్ని నేను పిల్లలకి ఇలా చెబుతాను: ఇంటిపేరు కోట, ఊరు యామనపల్లి. ప్రాణహిత ఒడ్డున సిరోంచ దగ్గరి కోట అనే ఊరి పేరు మీద అక్కడి రాతిపొరలకు ఆ పేరొచ్చింది. యామనపల్లి పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోది. జియలాజికల్ సర్వే వాళ్లు అక్కడ తవ్వి తీసిన ఎముకల ఆధారంగా పి. యాదగిరి 1988లో ఈ జంతువుకి పేరు పెట్టి లోకానికి చెప్పారు. మొత్తం 840 ఎముకలు. కనీసం పన్నెండు జంతువులవి.

పన్నెండు జంతువులు ఒకేచోట ఎందుకు పడ్డాయి? మంద మందంతా వరదలో మునిగి నది అడుక్కి చేరి ఉండొచ్చని ఒక ఊహ. ఇది చదివినప్పుడు నాకు 1986 ఆగస్టు గుర్తొచ్చింది. ఆ గోదావరి వరద చూసిన లంకలవాళ్లెవరికీ ఈ ఊహ వింతగా ఉండదు. పశువులు ఎలా కొట్టుకొచ్చాయో, నీరు తీశాక అన్నీ ఒక మలుపు దగ్గరే ఎలా మేట వేశాయో వాళ్లు కళ్లతో చూశారు. కోటసారస్ కాలానికి ఈ గోదావరి లేదు, ఆనాటి నదులు వేరు. లోయ మాత్రం అదే. సింగరేణి బొగ్గు కూడా ఆ లోయలోదే, ఇంకా పాత పొరల్లోది.

ఇంకో విశేషం ఉంది. ఇన్ని ఎముకలు దొరికినా తల దొరకలేదు. రెండు పళ్లు తప్ప. ఇలాంటి పొడుగు మెడ డైనోసార్ల పుర్రె తేలిక, మెడకు గట్టిగా అతుక్కుని ఉండదు, చచ్చాక మొదట ఊడిపోయేది అదే. మరి మ్యూజియంలో నిలబెట్టినదానికి తల ఉందే! అది చుట్టాలను చూసి పోల్చుకుని పెట్టిన తల. అంటే మీరు ఎదురుగా చూస్తున్నదానిలో కొంత దొరికింది, కొంత ఆలోచించి పెట్టింది. అది మోసమనుకోకండి, అలాంటి చోటే శాస్త్రం పనిచేసే తీరు బయటికి కనబడేది. ఏది ఏదో కనిపెట్టడమే మీ ప్రశ్న చేసుకోండి. గంటన్నర ఇట్టే పోతుంది.

ఇదే కోటా రాళ్లలో దొరికిన మరో పెద్ద డైనోసార్ బారాపాసారస్ కలకత్తాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రవీంద్రుడి శతజయంతి రోజుల్లో బయటపడిందని ఠాగూర్ పేరు కలిపారు. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. మన లోయ నుంచి ఒకటి అటు, ఒకటి ఇటు పోయాయి. నాకు దీని మీద కొంచెం కడుపుమంట ఉంది. ప్రాణహిత ఒడ్డున తవ్విన ఎముకని చూడటానికి ప్రాణహిత ఒడ్డు పిల్లవాడు రాత్రంతా ప్రయాణం చెయ్యాలి.

ముందు ఒక రిహార్సల్

పెద్ద ప్రయాణానికి ముందు ఒక ఆదివారం దగ్గర్లోకి వెళ్లి రండి. మాకు కోరింగ ఉంది. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద చొల్లంగి దాటాక మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోట చెక్కవంతెన మీద నడుస్తూ బురదలోంచి పైకి లేచిన వేళ్లను చూడొచ్చు. మడచెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. బావురుపిల్లి ఉంటుంది, నీటికుక్కలుంటాయి, కానీ పట్టపగలు కనబడతాయని ఆశపడకండి. మ్యూజియంలో కూరి నిలబెట్టిన బావురుపిల్లిని తర్వాత చూసినప్పుడు, అది ఎలాంటి బురదలో తిరిగిందో మీ కాళ్లకు తెలిసి ఉండాలి. అందుకే ఈ ప్రయాణం. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆకులు తుంపనివ్వకండి. అక్కణ్ణుంచి గవ్వ, ఈక, ఆకు ఏదీ ఇంటికి తేవద్దు.

రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు రాజమండ్రి దగ్గర కాతేరు, కొవ్వూరు అవతల గౌరీపట్నం, పంగిడి నల్లరాయి చాలు. రోడ్లకు కంకర కొట్టే ఆ రాయి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా. పడమటి కనుమల వైపు ఉబికి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, ఇక్కడ అప్పటి సముద్రంలో కలిసిందని కొందరు శాస్త్రవేత్తల లెక్క. భూమ్మీద అంతకన్నా పొడుగ్గా పారిన లావా లేదేమో అని 2008లో ఒక పరిశోధన పత్రం తన పేరులోనే అడిగింది. రెండు లావా పొరల నడుమ సున్నపురాయిలో సముద్రపు గుల్లలు దొరుకుతాయి. క్వారీల్లో పేలుళ్లు జరుగుతుంటాయి కాబట్టి లోపలికి వెళ్లొద్దు. రోడ్డు పక్క కుప్ప పోసిన కంకర చూసినా సరిపోతుంది.

రోజూ, రైలూ, కూడూ

ఈ భాగం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకే బాగా తెలుసు. మ్యూజియానికి ఒక వారపు సెలవుంటుంది, అది అన్నిచోట్లా ఒకటే రోజు కాదు. హైదరాబాద్‌లోనే సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు, జూకి సోమవారం. ఒకసారి ఒక ఊళ్లో తాళం వేసిన గేటు ముందు ఐదుగురం పులిహోర తిని తిరిగొచ్చాం. అందుకే బయలుదేరే ముందురోజు ఫోను చేసి మూడు అడగండి: రేపు తెరుస్తారా, నేను చూడాలనుకున్న గది తెరిచి ఉందా, సంచులు ఎక్కడ పెట్టాలి. రెండోది ఎవరూ అడగరు. మరమ్మతు పేరుతో మూసేది సరిగ్గా మీ గదే అయి ఉంటుంది.

కాకినాడలోనో సామర్లకోటలోనో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే సికింద్రాబాద్. దిగగానే మ్యూజియానికి పరుగెత్తకండి. స్నానం, టిఫిను, కాస్త నడుం వాల్చడం అయ్యాక బయలుదేరండి. నిద్ర చాలని కళ్లు ఎముకని చూడవు. లోపల రెండు గంటలు, అంతే. రెండు గంటలు దాటితే ఎంత శ్రద్ధగలవాళ్లయినా మా బావలా సమోసా వైపు చూస్తారు. పెద్దవాళ్లుంటే బెంచీ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకుని, వాళ్లని అక్కడ కూర్చోబెట్టి పిల్లల్ని వాళ్ల దగ్గరికి "ఏం చూశావో తాతయ్యకి చెప్పిరా" అని పంపండి. పిల్లవాడికి మళ్లీ చెప్పే పని పడుతుంది. తాతయ్యకి నడిచే బాధ తప్పుతుంది. మూడుసార్లు చెప్పొచ్చాక వాడికి అది జీవితాంతం గుర్తుంటుంది.

గదిలోకి వెళ్లాక

మొదట గది మొత్తం ఒక చుట్టు వేగంగా తిరగండి, ఆగకుండా. సంతలో కూరలు కొనేముందు ఒకసారి అన్ని గంపలూ చూసినట్టు. తర్వాత మీ ప్రశ్న ఉన్న చోటికి తిరిగొచ్చి కూర్చోండి. నిలబడొద్దు, కూర్చోండి. నేల మీదైనా సరే, కాపలా అతను ఏమీ అనకపోతే.

బోర్డు చివరిదాకా చదవండి. జంతువు పేరు కన్నా అది దొరికిన ఊరి పేరు ముఖ్యం. ఊరు తెలియని ఎముక అడ్రసు లేని ఉత్తరం లాంటిది. ఫోటో తీసేటప్పుడు ముందు బోర్డుకి, తర్వాత వస్తువుకి తియ్యండి. ఇంటికొచ్చాక ఏ ఫోటో ఏ ఎముకదో వెతుక్కునే బాధ ఉండదు. వీలైతే ఒక్క బొమ్మ పెన్సిల్‌తో గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు. నేను వేసిన తుంటి ఎముక మా అమ్మకి వంకాయలా కనిపించింది. కానీ ఆ ఎముక అంచులో ఒక గుంట ఉందని గీస్తున్నప్పుడే నాకు తెలిసింది. అప్పటికి దాన్ని పావుగంట నుంచి చూస్తున్నాను.

సీసాల్లో చేపల్ని, పాముల్ని చూసేటప్పుడు రంగు నమ్మకండి. ద్రవంలో ఏళ్ల తరబడి ఉంటే వెండి రంగూ, బంగారు పట్టీలూ పాలిపోతాయి. గోదావరి జిల్లావాడు సీసాలో పులసని చూసి "ఇది పులస కాదు" అని గొడవపడతాడు, తప్పు లేదు. పొలుసుల వరుసలు, రెక్క మొదలయ్యే చోటు, నోటి వంపు, ఇవీ చూడాల్సినవి.

కాపలావాళ్లతో మాట్లాడండి. ఈ సలహా ఎవరూ ఇవ్వరు. ఏ గదిలో ఏ పిల్లాడు ఏం అడిగాడో, ఏ ఎముక తుడిచేటప్పుడు ఎలా ఉంటుందో రోజంతా అక్కడే నిలబడే మనిషికి తెలిసినంత వేరెవరికీ తెలియదు. మర్యాదగా "ఏమండీ, మీరు ఇక్కడ ఎక్కువమంది ఏం చూస్తారు?" అని మొదలుపెట్టండి.

మా మేనకోడలు పదేళ్లప్పుడు కోటసారస్ ముందు కూర్చుంది. తలనే చాలాసేపు చూసింది. తర్వాత లేచి, ఆ గదిలో ఉన్న పెద్దాయన దగ్గరికెళ్లి "తాతగారూ, ఈ తల ఎవరిదండీ?" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, "దీనిదే అంటారమ్మా" అన్నాడు. "దీనిది దొరకలేదంటగా." ఆయన నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అరగంట తర్వాత వెళ్తుంటే ఆయనే పిలిచి, "పాపా, మళ్లీ వచ్చినప్పుడు చెప్పు, ఎవరిదో" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో పై బెర్తు మీద పడుకుని నోటుపుస్తకంలో ఏదో రాస్తూ ఉంది. కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కింద బెర్తుల్లోవాళ్లు అలవాటుగా లేచి చిల్లర వెతుక్కుని కిటికీలోంచి గోదాట్లోకి విసిరారు. మా అమ్మ దాని చేతిలో రూపాయి పెట్టింది. అది విసరలేదు. కిందికి దిగి కిటికీకి ముఖం ఆనించి, చీకట్లో ఇసుకతిన్నెల వైపు చూస్తూ అడిగింది.

"మావయ్యా, ఆ తల ఇటు కొట్టుకొచ్చుంటుందా?"

"అప్పుడీ నది లేదే."

"మరి ఏ నది ఉంది?"

నాకు తెలియదు. సామర్లకోటలో దిగేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు.